ఐదో నెలలో ఉగ్గు పెట్టాలా? ఒక పాప కేసు

పాపకి నాలుగున్నర నెలలు. జూన్ రెండో వారం, ఇంకో రెండు రోజుల్లో బడులు తెరుస్తారనగా అమ్మ, నాయనమ్మ కలిసి తీసుకొచ్చారు. జ్వరం లేదు, విరేచనాలు లేవు, పాప నా టేబుల్ మీదున్న టార్చిలైటు కోసం చేతులు చాస్తోంది. వాళ్ళు అడగాలనుకున్నది ఒకటే, ఉగ్గు ఇప్పుడు మొదలుపెట్టాలా, ఇంకా ఆగాలా. పిల్లల డాక్టరుగా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి, ఈ కేసు మొత్తం రాస్తే నలుగురికి పనికొస్తుందనిపించింది. కుటుంబం సరేనంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నాయనమ్మ చాలా సిద్ధపడి వచ్చారు. "డాక్టరమ్మా, మొదట్లో నెలకి ముప్పావు కేజీ పెరిగింది, ఇప్పుడు అరకేజీ కూడా లేదు. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేస్తోంది. గుప్పిళ్ళు రెండూ నోట్లో కుక్కుకుంటోంది. మేం అన్నం తింటుంటే ముద్ద వంకే చూస్తుంది. ఇంకేం కావాలి?" ఆ పైన ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాసన చెయ్యాలి, ఇప్పుడు ఐదో నెల నడుస్తోంది, ఇది దాటితే ఆషాఢం వచ్చేస్తుంది. అమ్మ టెన్షన్ వేరు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలని చట్టంలో ఉన్నా చాలా చోట్ల చేతికందేది వేరు, ఈవిడకి వేసవి సెలవులు కలిసొచ్చి ఈపాటి సమయమైనా దొరికింది. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్తే సాయంత్రం ఐదు, అంతసేపు పాప ఏం తాగుతుంది? కాస్త ఏదైనా తినడం అలవాటైతే అత్తయ్యగారికి సులువవుతుందని ఆవిడ లెక్క. ఇది చాలదన్నట్టు డాలస్‌లో ఉన్న అక్క తన బిడ్డకి నాలుగో నెలలోనే వేరుశనగ పెట్టించారని ఫోన్లో చెప్పింది.

నేను ముందు బరువుల కాగితం అడిగాను. పుట్టినప్పుడు 2.8 కేజీలు, నెలలు నిండాకే పుట్టింది. 6 వారాల టీకాకి 4.1, 10 వారాలకి 4.8, 14 వారాలకి 5.4, నా దగ్గర తూస్తే 5.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడపిల్లల చార్టులో ఈ ఐదు చుక్కలూ పెట్టి కలిపితే మధ్య గీతకి కింద ఉండే గీత వెంబడే పాప వస్తోంది, ఎక్కడా జారలేదు. పుట్టిన రోజు నుంచీ ఆ పాప దారి అది. నాయనమ్మ చెప్పిన లెక్క కూడా తప్పు కాదు, పెరుగుదల నిజంగానే నెమ్మదించింది, కానీ ప్రతి బిడ్డకీ ఈ వయసులో నెమ్మదిస్తుంది. అదే చార్టులో మధ్య గీత చూడండి. పుట్టుక నుంచి రెండు నెలలకి 3.2 నుంచి 5.1కి వెళ్తుంది, అంటే దాదాపు 1.9 కేజీలు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య 6.4 నుంచి 7.3కి, అంటే 900 గ్రాములే. మొదటి రెండు నెలల పెరుగుదలని కొలబద్దగా పెట్టుకుంటే ప్రపంచంలో ఏ బిడ్డా ఐదో నెలలో పాసవదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది తల్లులు తమకి పాలు లేవనుకుంటారో.

రోజుకి ఏడెనిమిది సార్లు ఉచ్చ పోస్తోంది. పాలు తాగేటప్పుడు చూశాను, మింగుతున్న చప్పుడు వినిపిస్తోంది, తాగాక తనే వదిలేస్తోంది. పాలు చాలుతున్నాయి. గుప్పిళ్ళు నోట్లో పెట్టుకోవడం ఆకలి గుర్తు కాదు, ఈ వయసులో చెయ్యే బొమ్మ. రాత్రిళ్ళు లేవడానికి కడుపుతో సంబంధం పెద్దగా లేదు, నాలుగో నెల చుట్టూ నిద్ర తీరు మారుతుంది, ఉగ్గు తినే పిల్లలూ లేస్తారు. ముద్ద వంక చూడటం నిజంగా ఒక గుర్తే, కాదనను, కానీ అదే పాప నా టార్చిలైటునీ అంతే ఇష్టంగా చూస్తోంది.

తర్వాత శరీరం సిద్ధంగా ఉందో లేదో చూశాను. చేతులు పట్టుకుని పైకి లేపితే తల బాగానే వచ్చింది. కూర్చోబెట్టి నడుము దగ్గర పట్టుకుంటే మాత్రం రెండు మూడు క్షణాల్లో పక్కకి ఒరిగిపోతోంది. చెంచా మీద రెండు చుక్కల తల్లిపాలే వేసి కింది పెదవికి ఆనించాను, నాలుక ముందుకొచ్చి చెంచాని బయటికి తోసేసింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసింది. నాయనమ్మ నవ్వి "పొగరు" అన్నారు. పొగరు కాదు, అది పుట్టుకతో వచ్చే రక్షణ, నోట్లో చిక్కటిది ఏదైనా పడితే గొంతులోకి పోకుండా నాలుక నెట్టేస్తుంది. అది తగ్గాక, ఆసరాతో కాసేపు నిటారుగా కూర్చోగలిగాక, చెంచా చూసి తనే నోరు తెరిచాక తిండి మాట ఎత్తాలి. ఈ మూడూ చాలామందిలో ఆరు నెలల దగ్గర కలుస్తాయి. ఒక్కటి కనపడగానే సంబరపడిపోకూడదు.

డాలస్ అక్క బిడ్డ సంగతి అడిగితే తేలిందేమిటంటే ఆ బిడ్డకి ఒళ్ళంతా తీవ్రమైన ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు, ఉంది. అలాంటి పిల్లలకి వేరుశనగ ఎలర్జీ వచ్చే ప్రమాదం ఎక్కువ, ముందుగా కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని 2015లో లండన్ పరిశోధన చూపించింది, ఆ తర్వాత అమెరికాలో అలాంటి పిల్లలకి 4 నుంచి 6 నెలల మధ్యే డాక్టర్ల పర్యవేక్షణలో మొదలుపెడుతున్నారు. వాళ్ళ డాక్టరు చేసింది ఆ బిడ్డకి సరైనదే. ఈ పాప చర్మం మీద చిన్న మచ్చ కూడా లేదు.

తన పిల్లలకి నాలుగో నెలలోనే పెట్టామని నాయనమ్మ అన్న మాట దగ్గర మాత్రం నేను ఆవిడ పక్షానే మాట్లాడాను. ఆవిడ పిల్లల్ని పెంచే రోజుల్లో డాక్టర్లు నిజంగానే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పెట్టమనేవాళ్ళు. మన దేశంలో పాలడబ్బాల ప్రచారాన్ని అడ్డుకునే చట్టం 1992లో వచ్చినప్పుడు అందులో ఉన్న హద్దు కూడా నాలుగు నెలలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆరు నెలలంది, మన చట్టంలో 2003లో ఆరుకి మార్చారు. కాబట్టి అప్పుడు ఆవిడ చేసింది అప్పటి డాక్టరు మాట ప్రకారమే. ఇలా చెప్పాక ఆవిడ కుర్చీలో కాస్త వెనక్కి వాలి కూర్చున్నారు, అంతవరకూ అంచున కూర్చునే ఉన్నారు. కోడలి ముందు పెద్దావిడ్ని తప్పుపట్టి పంపిస్తే ఇంటికెళ్ళాక నా చీటీ ఎవరూ చూడరు.

అన్నప్రాసన చిక్కు తేలిగ్గానే విడిపోయింది. మనవాళ్ళ లెక్కలో ఏడో నెల అంటే ఆరు నిండి ఏడు నడవడం. ఆడపిల్లలకి ఐదు కాకపోతే ఏడు అని ఉండనే ఉంది, పైగా అప్పటికి శ్రావణం. "ఏడో నెలలో చేస్తే శాస్త్రానికీ సరే, నాకూ సరే" అన్నాను. నిజానికి చిక్కు మగపిల్లల దగ్గరే ఎక్కువ, ఆరో నెల అంటూ ఐదు నిండగానే చేసేస్తారు. ఉంగరంతో పరమాన్నం పెదవికి తాకించి ఊరుకుంటే నేనేమీ అనను, మర్నాటి నుంచి గిన్నెడు పెట్టడం మొదలెడితేనే పేచీ. తేనె మాత్రం ఏడాది దాకా ఏ పేరు చెప్పినా వద్దు, అందులో ఉండే బొటులిజం క్రిమి పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేస్తుంది.

నా నిర్ణయం: ఇప్పుడు వద్దు, ఆరు నిండాక. నీళ్ళు కూడా వద్దు, రోళ్ళు పగిలే ఎండలైనా సరే, తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్ళే. అమ్మ ఉద్యోగానికి వెళ్ళే ముందు పాలు పిండి దాచడం ఎలాగో నర్సు చూపించింది. స్టాఫ్ రూములో లంచ్ టైమ్‌లో ఒకసారి, వీలైతే సాయంత్రం బయల్దేరే ముందు ఒకసారి పిండటం, ఐస్ పెట్టిన చిన్న బ్యాగులో ఇంటికి తేవడం, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపల వెనకవైపు పెట్టి మర్నాటికల్లా వాడేయడం. కాచకూడదు, వేడినీళ్ళ గిన్నెలో గ్లాసు ఉంచితే చాలు. సీసా వద్దు, ఉగ్గుగిన్నెతో పట్టమన్నాను. నాయనమ్మకి అందులో ఎవరూ నేర్పాల్సింది లేదు, వాళ్ళింట్లో వెండి ఉగ్గుగిన్నె ఉందట.

కథ ఇక్కడే ముగిస్తే ఇది రాసే పనే లేదు. మూడు వారాలకి మళ్ళీ వచ్చారు, ఈసారి 6 కేజీలు. మూడు వారాలకి 100 గ్రాములు. తన గీత వెంబడే వెళ్ళి ఉంటే 300 దాకా పెరగాలి. పాప చురుగ్గానే ఉంది గానీ ఉచ్చ నాలుగైదుసార్లకి తగ్గింది. నాయనమ్మ మొహంలో "నేను చెప్పలా?" అని రాసి ఉంది. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇప్పుడైనా పెట్టెయ్యమంటారా?"

చాలామంది డాక్టర్లం తొందరపడి సరే పెట్టండి అనేది సరిగ్గా ఇక్కడే. బరువు సరిగా పెరగలేదు కదా, ఐదు నెలలు దాటాయి కదా, మూడు వారాలు ముందైతే కొంపలేం మునుగుతాయి అని. నేను ముందు ఒక పని చేస్తాను, నిన్న పొద్దున నుంచి ఈ పొద్దుటిదాకా పాప నోట్లోకి వెళ్ళిన ప్రతి చుక్కా గంటల వారీగా చెప్పమంటాను. ఎంత తాగుతోంది అని అడిగితే బాగానే తాగుతోంది అంటారు. గంటల వారీగా అడిగితే దాక్కున్నవన్నీ బయటికొస్తాయి.

వచ్చాయి. అమ్మకి లంచ్ టైమ్‌లో పిండటం కుదరడం లేదు, స్టాఫ్ రూముకి తలుపు గడియ లేదు. సాయంత్రం పిండినవే మర్నాటికి, అవి 90 ఎంఎల్ దాటడం లేదు. పగలు ఎనిమిది గంటలకి అదొక్కటే. మిగతాది ఎలా? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాయనమ్మే చెప్పారు: "ఏడుస్తుంటే చూళ్ళేక రెండు పూటలా కాస్త రాగిజావ పట్టానమ్మా. పల్చగానే కాచాను, గొంతుకి అడ్డం పడకుండా."

నేను కోప్పడలేదు. ఏడుస్తున్న బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చున్న మనిషి ఆవిడ. జావ ఎలా కాచారో మాత్రం చెప్పమన్నాను. గ్లాసు నీళ్ళు, అంటే 150 ఎంఎల్, అందులో చెంచా రాగిపిండి. చెంచా పిండి ఐదారు గ్రాములు. రాగిపిండి వంద గ్రాములకి 320 కేలరీలు, కాబట్టి గ్లాసు మొత్తానికి 15 నుంచి 20 కేలరీలు. అదే 150 ఎంఎల్ తల్లిపాలు తాగితే 100 కేలరీలు. పొట్ట నిండింది, పాప ఏడుపు ఆపి పడుకుంది, ఒంటికి చేరింది మాత్రం ఐదో వంతు. పైగా ఐదింటికి అమ్మ వచ్చేసరికి పాప ఆకలిగా లేకపోవడంతో అప్పుడు తాగాల్సిన పాలూ తగ్గాయి. ఈ లెక్క కాగితం మీద వేసి ఇద్దరికీ చూపించాను, నాయనమ్మ ఆ కాగితం మడిచి కొంగున కట్టుకున్నారు.

కాబట్టి ఈ పాపకి ఉన్న లోటు పాల లోటు. పాలు చాలని బిడ్డకి తిండి మొదలెట్టడం మందు కాదు, అలా పెడితే ఉన్న పాలూ తగ్గుతాయి. రాగి చెడ్డదని కాదు, ఆరు నెలల తర్వాత చిక్కగా కాచి కాస్త నెయ్యి వేస్తే మంచి ఆహారమే. ఐదో నెలలో పాల బదులు పట్టడమే తంటా. ఇంతాచేసి ఇప్పుడు ఉగ్గు ఇవ్వండి అంటే ఇంట్లో జరిగేది ఇదే, ఇంకొంచెం ఎక్కువ మోతాదులో.

జావ ఆపించాను. పిండటం వేళలు మార్చాం. తెల్లవారుజామున పాలు బాగా పడే టైములో ఒకవైపు పాప తాగుతుంటే రెండోవైపు పిండటం, దాంతోనే 100 ఎంఎల్ దాకా వచ్చింది. స్కూల్లో కంప్యూటర్ గదికి గడియ ఉంది, ఇంకో టీచరు బయట నిలబడతానంది, అదీ కుదిరింది. రాత్రి లేచినప్పుడల్లా పట్టమన్నాను, పగలు తల్లి దొరకని పిల్లలు రాత్రి లెక్క సరిచేసుకుంటారు, ఆ నాలుగుసార్లు లేవడాన్ని ఇప్పుడు మాన్పించాలని చూడకూడదు. ఇంత చేసినా రెండు వారాల్లో బరువు రాకపోతే పగలు ఫార్ములా పాలు కలుపుదాం, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం, పల్చన చెయ్యకుండా, అని కూడా చెప్పి ఉంచాను. తల్లిపాల వారోత్సవాల్లో ఉపన్యాసాలిచ్చే నేను ఈ మాట అన్నానంటే కొందరికి నచ్చకపోవచ్చు. ఐదు నెలల బిడ్డకి తల్లిపాలు నిజంగా చాలకపోతే దాని తర్వాతి స్థానం ఫార్ములాదే, జావది కాదు.

ఫార్ములా అవసరం పడలేదు. రెండు వారాలకి 6.25. ఉచ్చ మళ్ళీ ఏడుకి వచ్చింది. ఆరు నెలలు నిండేసరికి 6.45, అంటే దాదాపు తన పాత గీత మీదికే.

ఆరు నిండాక మళ్ళీ అదే పరీక్ష చేశాను. ఒళ్ళో కూర్చోబెడితే నడుము దగ్గర చిన్న ఆసరాతో నిటారుగా కూర్చుంది. చెంచా చూపిస్తే నోరు తెరిచింది, పెదవులు మూసి లాక్కుంది, కొంచెం కారింది, ఎక్కువ లోపలికి పోయింది. ముహూర్తం వారం తర్వాత కుదిరింది, ఆ వారం ఆగడానికి ఒప్పుకున్నాను. నెలా నెలన్నర ఆగుతామంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఎందుకంటే ఆరు తర్వాత ఆలస్యానికి ఖరీదు ఉంది. కడుపులో ఉండగా బిడ్డ దాచుకున్న ఐరన్ దాదాపు ఆరు నెలలకి అయిపోతుంది, తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ. కేలరీల్లోనూ రోజుకి ఇంచుమించు 200 దాకా తిండి నుంచి రావాలి.

ఇదే సమయంలో నా దగ్గరికి ఒక పది నెలల బాబు వచ్చాడు, పళ్ళు వచ్చాక పెడదామని ఇంట్లో ఆగారు, పాలు, అన్నం వార్చిన గంజి, అంతే. హిమోగ్లోబిన్ 7.6, అంటే రక్తం బాగా తక్కువ, అరచేతులు కాగితంలా తెల్లగా ఉన్నాయి. పళ్ళకీ తిండికీ సంబంధం లేదు, మెత్తటివి చిగుళ్ళతోనే నమిలేస్తారు. తొందరపడ్డ ఇళ్ళ గురించి ఎంత మాట్లాడతామో ఇలా ఆగిపోయిన ఇళ్ళ గురించీ అంత మాట్లాడాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల లెక్క వేరు, పుట్టాల్సిన తేదీ నుంచి వయసు లెక్కేసి చూస్తాం, ఐరన్ చుక్కలు వాళ్ళకి చాలా ముందే మొదలవుతాయి. వాళ్ళని ఈ కేసుతో పోల్చుకోకండి.

పాప మెనూ సంగతి క్లుప్తంగా. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు వేయించి పట్టించిన ఉగ్గు, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా. చిక్కదనం గురించి నాయనమ్మకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, జావ అలవాటు కదా. మొదట రెండు మూడు చెంచాలు, పాలు పట్టాకే. ఉప్పు, పంచదార వద్దు. రెండో వారం నుంచి మెత్తగా చిదిమిన పప్పన్నం నెయ్యితో, ఉడికించిన గుమ్మడి, అరటిపండు, బాగా ఉడికించిన గుడ్డు. గుడ్డు ఏడాది దాకా వద్దని పక్కింటావిడ చెప్పిందట, ఆలస్యం చేస్తే ఎలర్జీ తగ్గదు, ఐరన్, ప్రొటీన్ మాత్రం ఆలస్యమవుతాయి. వాళ్ళు మాంసం తింటారు కాబట్టి తర్వాత కోడి కార్జం వారానికి ఒకసారి. అంగన్‌వాడీ బాలామృతం తెచ్చుకున్నారు, అందులో చక్కెర ఉంటుంది కాబట్టి రోజంతా అదే పెట్టకుండా ఒక పూటకి పరిమితం చెయ్యమన్నాను. ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు 1 ఎంఎల్ ఐరన్ సిరప్, ఆశా కార్యకర్త ఇచ్చేదే.

రెండో వారంలో గాభరాగా ఫోన్ చేశారు, పాప ముద్ద మింగబోయి "ఓక్" మని కళ్ళనీళ్ళు పెట్టుకుందని. చప్పుడు చేస్తూ దగ్గుతోందంటే తనే సరిచేసుకుంటోంది, వేలు పెట్టి తియ్యొద్దు. చప్పుడు లేకుండా నీలంగా అయితే అది వేరు, అప్పుడేం చెయ్యాలో ముందే నేర్పించాను, చేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు. మలబద్ధకం కూడా వచ్చింది, తిండితో పాటు కాచి చల్లార్చిన నీళ్ళు చెంచాలతో ఇవ్వడం మొదలెట్టాక, అరటి తగ్గించి బొప్పాయి పెట్టాక పోయింది.

ఎనిమిది నెలలకి 7.2 కేజీలు. తొమ్మిదో నెల నిండాక తట్టు, రుబెల్లా టీకాకి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ చూశాం, 11.1, సరిపడా ఉంది. రోజుకి మూడు పూటలా తింటోంది, తల్లిపాలు పొద్దున, సాయంత్రం, రాత్రి. అమ్మ స్కూల్లో పిండటం ఒకసారికి తగ్గించింది.

ప్రస్తుతం మా మధ్య పేచీ మిక్సీ గురించి. నాయనమ్మ ఇప్పటికీ పప్పన్నం కూడా మిక్సీలో వేసి పేస్టు చేస్తున్నారు, గొంతుకి అడ్డం పడుతుందని అదే పాత భయం. తొమ్మిది నెలలు దాటాక కూడా పలుకు తగలని తిండే పెడితే తర్వాత ఏ ముద్ద పెట్టినా ఊసేసే పిల్లల్ని చాలామందిని చూశాను, అందుకే గరిటెతో మెదిపి పెట్టమంటున్నాను. వారంలో రెండు పూటలకి ఒప్పుకున్నారు, మిగతావి వచ్చే నెల చూద్దామన్నారు.